తిని చూసేదెవరు?

మన తెలుగులో ‘చూడు’ అన్న క్రియ చేసినంత చాకిరీ మరొకటి చెయ్యదనుకుంటాను. కళ్లతో చూడటం దాని అసలు ఉద్యోగం. ఆ ఉద్యోగంతో బాటు ఇంకో వంద పనులు దాని నెత్తిన పెట్టాం. పులుసులో ఉప్పు చూస్తాం. నాడి చూస్తాం. ముహూర్తం చూస్తాం. సంబంధాలు చూస్తాం. ముసలి తల్లిదండ్రుల్ని చూస్తాం, లేదా చూడం. ఇవన్నీ ఒక ఎత్తు, ఇంకో క్రియకి తోకలా తగిలించే ‘చూడు’ ఒక్కటీ ఒక ఎత్తు. తిని చూడు, కట్టి చూడు, మోసి చూడు, అడిగి చూడు, వాడి చూడు. ఒక పనిలోకి పూర్తిగా దిగకముందు కొంచెం చేసి, ఏమవుతుందో కనిపెట్టడానికి ఇంగ్లీషువాడు టెస్టనీ, ట్రయలనీ, పైలట్టనీ, డెమో అనీ సందర్భానికో మాట వెతుక్కుంటాడు. మనం ఏ క్రియకైనా సరే ‘చూడు’ తగిలించి చక్కా పోతాం.

ఇందులో ఒక తమాషా ఉంది. బళ్లో వ్యాకరణం చెప్పించుకున్నవాళ్లకి క్త్వార్థకం అనే పేరు గుర్తుండే ఉంటుంది. తిని, వచ్చి, కట్టి లాంటివన్నీ ఆ జాతే. ‘రాముడు తిని వెళ్లాడు’ అంటే తిన్నదీ వెళ్లిందీ కూడా రాముడే. రాముడు తింటే కృష్ణుడు వెళ్లడం కుదరదు. ‘వానలు కురిసి పంటలు పండాయి’ లాంటి మినహాయింపులు లేకపోలేదుగాని, సాధారణంగా రెండు పనులకీ కర్త ఒకడే. అంచేత ‘తిని చూడు’ అన్నప్పుడు తినేవాడూ చూసేవాడూ ఒకడే కావాలి. చేదైతే వాడి నోరే చేదెక్కాలి. మన వ్యాకరణం తెలిసి చేసిందో తెలియక చేసిందోగాని, పరీక్షకి ఒక ధర్మం పెట్టింది: ఫలితం ఎవడు తెలుసుకుంటాడో దాని బరువూ వాడే మొయ్యాలి.

ఇప్పుడు ఆ వాక్యాన్ని కొంచెం కదిపి చూడండి. ‘తిని చూశాడు’ బదులు ‘పెట్టి చూశాడు’ అనండి. కర్త ఇప్పుడూ ఒకడే. పెట్టినవాడే చూశాడు. వ్యాకరణానికి ఏ లోటూ రాలేదు. మరి తిన్నవాడేడీ? వాక్యంలో ఎక్కడా లేడు! నేను చెప్పదల్చుకున్నదంతా ఆ కనిపించని మనిషి గురించే. అయితే అతని దగ్గరికి వెళ్లేముందు ఒకసారి వంటింట్లోంచి పోదాం. ఏ విద్యకైనా మొదటి ప్రయోగశాల అదే కదా.

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. అరిసెలకి పాకం వచ్చిందో లేదో చెప్పడానికి నీళ్ల పళ్లెంలో ఒక బొట్టు వేసి, వేలితో ఉండ చేసి చూస్తారు. గారెల పిండి సరిగ్గా రుబ్బారా అంటే నీళ్లలో చుక్క వేస్తే తేలాలి. నూనె కాగిందో లేదో చిటికెడు పిండి చెబుతుంది. ఆవకాయని మూడోరోజు తిరగ కలిపి ఉప్పు చూస్తారు. అప్పుడు చూడకపోతే ఏడాదంతా చూడవలసి వస్తుంది. కొత్త చీర రంగు దిగుతుందేమోనని కొంగు మూల తడిపి చూస్తారు. కుండని వేలి కణుపుతో కొట్టి చూస్తారు, పుచ్చకాయని తట్టి చూస్తారు, కొబ్బరికాయని చెవి దగ్గర ఊపి చూస్తారు. టైలరు కచ్చాకుట్లు వేసి “ఒకసారి తొడుక్కు చూడండి” అంటాడు. ఆ కుట్లు పేరుకే కుట్లు. లాగితే ఊడిపోవడమే వాటి గొప్పతనం.

వీటన్నిటికీ కలిపి ఒకే మాట ఎందుకు లేదని అడిగితే, అవన్నీ ఒకే పని కాదు గనక అంటాను. కొట్టి చూసేది కుండని. దాన్ని తడిపి చూస్తే బీట కనిపించడానికి చాలాసేపు పడుతుంది. తడిపి చూసేది చీరని. దాన్ని కొట్టి చూస్తే వచ్చేది చప్పుడే. వస్తువు స్వభావం తెలిసినవాడికే దాన్ని ఎలా పరీక్షించాలో తెలుస్తుంది. అంచేత పర్యాయపదాలు నిఘంటువులో పక్కపక్కన సర్దుకుని కూచున్నా, ఒకదాని పని ఇంకొకటి చెయ్యలేదు. మచ్చు వేరు, మాదిరి వేరు, నమూనా వేరు. మచ్చు అసలు సరుకులోంచి తీసింది. మాదిరి దానిలాంటిది. నమూనా అంటే ముందు చేసిపెట్టుకున్నది, అసలు సరుకు తరవాత వస్తుంది. బియ్యం కొట్లో షావుకారు దోసిట్లో పోసేది మచ్చు. బస్తా లోపలున్నది ఏమిటన్నది మీ అదృష్టం.

అసలు ఒక్క మెతుకు కుండ మొత్తానికి సాక్ష్యం ఎలా చెప్పగలుగుతుంది? బియ్యం ఒకటే, ఎసరు ఒకటే, మంట ఒకటే, పైగా గరిటెతో కలియబెట్టాం. అంచేత చెల్లింది. అడుగంటిన కుండలో పైమెతుకు పట్టి చూస్తే అది అబద్ధం చెబుతుంది. పాపం, దాని తప్పు కాదు. దానికి అడుగు సంగతి తెలియదు. మనుషుల విషయంలో ఈ మెతుకు న్యాయం అస్సలు పనికిరాదు. పొరుగూరివాడు ఒకడు మోసం చేస్తే ‘ఆ ఊరే అంత’ అంటాం. ఆ ఊరిని ఎవరు కలియబెట్టారు?

ఇంకో సంగతి. ఏ పరీక్షా ఉత్తినే జరగదు. కంసాలి బంగారాన్ని ఒరగల్లు మీద గీస్తే వన్నె తెలుస్తుంది. గీసినందుకు రవ్వంత బంగారం ఆ రాయికి అంటుకుపోతుంది. రైతు విత్తనాల వడ్లని పరీక్షించాలంటే నూరు గింజలు లెక్కపెట్టి, తడి గోనెపట్టాలో పరిచి, చుట్టి పెడతాడు. వారం పోయాక విప్పి, మొలిచినవెన్నో లెక్కపెడతాడు. వరికి నూటికి 80 మొలిస్తేగాని విత్తనంగా ధ్రువీకరణ ఇవ్వరు. సరే, 80కి పైనే మొలిచాయనుకోండి, బస్తా బస్తా నారుమడికి పోతుంది. ఆ నూరు గింజలు మాత్రం పోవు. వంతెన కట్టేవాళ్లు అదే కాంక్రీటుతో 15 సెంటీమీటర్ల దిమ్మలు పోసి, 28 రోజులు నానబెట్టి, యంత్రంలో పెట్టి పగిలేదాకా నొక్కుతారు. దిమ్మ ఎంత బరువుకి పగిలిందో తెలిస్తే వంతెన ఎంత బరువుకి నిలుస్తుందో తెలుస్తుంది. అంటే వంతెన మీద బస్సులు క్షేమంగా పోవడానికి కొన్ని దిమ్మలు ముందే చచ్చిపోతాయన్నమాట. అగ్గిపుల్లలు తెమ్మని పంపిస్తే, అన్నీ వెలుగుతున్నాయో లేదో ఒక్కొక్కటే గీసి చూసి తెచ్చిన కుర్రవాడి కథకి అందరం నవ్వుతాం. వాడి తెలివితక్కువకి నవ్వుతాంగాని, వాడు చెప్పింది నిజమే. పూర్తిగా పరీక్షిస్తే మిగిలేది పెట్టే.

దిమ్మ పగిలినా గింజ పోయినా మనకి నిద్ర పట్టకపోదు. వస్తువుల్ని పరీక్షించడంలో చిక్కు లేదు. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి మొదటి ఎస్సెల్వీ-3 రాకెట్టు లేచి కాసేపటికే దారి తప్పి బంగాళాఖాతంలో పడింది. దుఃఖపడ్డారు, లెక్కలు సరిచూసుకున్నారు, 1980 జూలై 18న మళ్లీ వదిలితే రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరింది. ఆ మొదటి రాకెట్టుకి ఇల్లూ వాకిలీ లేవు. దానికోసం ఎదురుచూసే తల్లి లేదు. సముద్రం కాదనకుండా పుచ్చుకుంది. మన పత్రికలు ఈనాటికీ రాకెట్టు వదిలిన ప్రతిసారీ ‘ప్రయోగం’ అనే రాస్తాయి. అది వందోసారి వెళ్లినా సరే, మనవాళ్లకి ప్రయోగమే. ఆ వినయం నాకు నచ్చుతుంది.

కాని ఈ ‘ప్రయోగం’ అనే మాటని కొంచెం జాగర్తగా చూడాలి. ‘పరీక్ష’ అన్నదాన్లో ఉన్నది మన చూపే. పరి అంటే చుట్టూ, ఈక్ష అంటే చూడటం. అన్ని వైపుల నుంచీ చూడటం పరీక్ష. ప్రయోగంలో చూపు లేదు. అది ఆయుధాన్ని ప్రయోగించే మాట. పల్లెటూళ్లో “వాడిమీద ఎవరో ప్రయోగం చేశారు” అన్నారంటే అర్థం చేతబడి. దాని వెనక తప్పకుండా ఒక ‘మీద’ వచ్చి కూచుంటుంది. పరీక్షకి ఎవరు చూస్తున్నారన్నది ప్రశ్న. ప్రయోగానికి ఎవరిమీద అన్నది ప్రశ్న. సైన్సు పుస్తకాల్లో ఈ రెండో ప్రశ్న తరచు మర్యాదగా దాక్కుంటుంది.

పాతకాలం రాజులు ఈ విషయంలో దాపరికం పెట్టుకోలేదు. కౌటిల్యుడి అర్థశాస్త్రం ప్రకారం రాజు భోజనానికి కూచునేముందు ఆ అన్నాన్ని నిప్పులోనూ వెయ్యాలి, పక్షులకీ వెయ్యాలి. మంట రంగు మారిందా, పక్షి పడిపోయిందా చూడాలి. మందు దగ్గర ఇంకో అడుగు ముందుకి వేశాడాయన. కాచినవాడూ నూరినవాడూ రుచి చూశాక, వైద్యుడు తనుకూడా రుచి చూసి, అప్పుడే రాజు చేతికివ్వాలి. కాచేవాడూ నూరేవాడూ కనిపించని మనుషులే. వాళ్లు తింటారు, రాజు చూస్తాడు. వ్యాకరణం విడిపోయింది. అయినా వైద్యుణ్ణి మటుకు తప్పించలేదు చూశారూ! ఇచ్చేవాడు తనుకూడా మింగి ఇవ్వాలన్న నియమం నాకు చాలా ముచ్చటగా కనిపిస్తుంది. రాజు ప్రాణానికి పెట్టిన ఆ నియమాన్ని రాజ్యంలో తక్కినవాళ్లకీ పెట్టి ఉంటే ఎంత బాగుండేది!

మూడో రకం ఒకటుంది. పిల్లవాడికి పాలు పట్టేముందు తల్లి మణికట్టు మీద చుక్క వేసుకు చూస్తుంది. లాలపోసేముందు నీళ్లలో చెయ్యి పెట్టి చూస్తుంది. తాగేది పిల్లవాడు, కాలితే కాలేది తల్లి చెయ్యి. ఇది రాజుగారి పద్ధతికి సరిగ్గా తలకిందులు. శబరి పళ్లు కొరికి చూసి రాముడికి పెట్టిందన్న కథ వాల్మీకంలో లేదు. జనం కల్పించుకున్నారు. ఎందుకు కల్పించుకున్నారో ఆలోచించండి. మడి వంటలో నైవేద్యం కాకుండా ఉప్పు చూడకూడదు. ఉప్పు ఎక్కువైతే ఆ సంగతి ముందు తెలిసేది దేవుడికే. ఇంత గట్టి నియమం ఉన్న దేశంలో, ఎంగిలి చేసి పెట్టిన ముసలమ్మని జనం తప్పుపట్టలేదు సరిగదా నెత్తిన పెట్టుకున్నారు. చేదూ పులుపూ తన నోటికి తీసుకుని, తీపి అవతలివాళ్లకి పెట్టినవాళ్ల ఎంగిలి ఎంగిలి కాదని తీర్పు చెప్పారు.

ఈ మూడు రకాలూ ఒకే ఏడాదిలో మన దేశంలోనే కనిపిస్తాయి. 1897 నాటికి బొంబాయిని ప్లేగు పట్టుకుని ఉంది. హాఫ్‌కిన్ అనే శాస్త్రజ్ఞుడు ఆ రోగానికి టీకా తయారుచేశాడు. జనవరి 10న మొట్టమొదట ఆ సూది తనకే పొడిపించుకున్నాడు. జ్వరం వచ్చింది, తగ్గింది. పిల్లవాడి పాలు మణికట్టు మీద వేసుకు చూసిన తల్లి తరహా అది. ఆ తరవాత బైకుల్లా జైలులో ఖైదీల్ని అడిగితే కొందరు ముందుకొచ్చారు. వాళ్లకీ పొడిచారు. వాళ్లు ఇష్టపడే ఒప్పుకున్నారని రికార్డులు చెబుతాయి. అయితే జైల్లో ఉన్నవాడి ‘సరే’కి, ఇంట్లో పడక్కుర్చీలో కూచున్నవాడి ‘సరే’కి తూకం ఒకటేనా? నా మనసుకి సమాధానం దొరకని ప్రశ్న అది.

అదే ఏడాది ఆగస్టులో మన సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ అనే సైన్యం డాక్టరు మలేరియా దోమలవల్ల వస్తుందేమో కనిపెట్టాలని తంటాలు పడుతున్నాడు. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమతెరలో పడుకోబెట్టి, ప్రత్యేకంగా పెంచిన దోమల చేత కుట్టించాడు. కుట్టిన దోమ ఒక్కింటికి ఒక అణా చొప్పున ముట్టజెప్పాడు. ఆగస్టు 20న వాటిలో ఒక దోమని కోసి చూస్తే పొట్టగోడలో మలేరియా క్రిమి కనిపించింది. 1902లో రాస్‌కి నోబెల్ బహుమానం వచ్చింది. హుసేన్ ఖాన్‌కి అప్పటికే రోగం ఉంది గనక ఆ దోమలు కొత్తగా చేసిన చెడుపు పెద్దగా లేదు. కూలీ కూడా ముట్టింది. అయినా ఆ దోమతెరలో పడుకున్నవాడి పేరు లోకానికి మిగలడమే నాకు గొప్పగా తోస్తుంది. ఇటువంటి పరీక్షల్లో సాధారణంగా దోమకి పేరుంటుంది, డాక్టరుకి పేరుంటుంది, పడుకున్నవాడికి మాత్రం నంబరుంటుంది.

ఇక్కడ మీరు నన్ను నిలదియ్యవచ్చు. “అయితే ఏమంటావయ్యా? ఎవరిమీదా పరీక్ష చెయ్యకుండా మందులు ఆకాశంలోంచి ఊడిపడతాయా?” అని. పడవు. ఆ మాట చెప్పడానికి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారే సాక్ష్యం. అమెరికాలో ఆయన నాయకత్వాన నడిచిన పరిశోధనశాలలో అమినోప్టెరిన్ అనే మందు తయారైంది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు దాన్ని రక్తపు కాన్సరుతో ఉన్న 16 మంది పిల్లలకి ఇచ్చి, ఫలితాలు 1948లో ప్రకటించాడు. అప్పటికి ఆ రోగానికి మందే లేదు. పదిమందికి గుణం కనిపించింది. ఆ గుణం కొన్ని నెలలు మాత్రమే నిలిచింది. కాని ఆ కొద్దినెలల మీదనే తరవాతి కాన్సరు వైద్యం చాలావరకు లేచింది. దానికి తమ్ముడిలాంటి మెథోట్రెక్సేట్‌ని డాక్టర్లు ఈనాటికీ రాస్తున్నారు. ఆ పదహారుమందీ మొలక చూడటానికి గోనెపట్టాలో పరిచిన గింజల్లాంటివాళ్లు. వాళ్లు లేకపోతే తరవాతి పొలం లేదు. అంచేత పరీక్షే తప్పని నేననను. పరీక్ష తప్పదు. తప్పనిదాన్ని దాని పేరుతో పిలవాలని మాత్రం అంటాను.

పేరు మారిస్తే ఏమవుతుందో మన గడ్డమీదే చూశాం. 2009 జూలైలో, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, గర్భాశయ ముఖద్వారానికి వచ్చే కాన్సరుని నివారించే టీకాని పదేళ్ల నుంచి 14 ఏళ్లలోపు ఆడపిల్లలకి వెయ్యడం మొదలుపెట్టారు. సుమారు 14 వేలమంది పిల్లలు. వాళ్లలో చాలామంది గిరిజనులు, హాస్టళ్లలో ఉండి చదువుకునేవాళ్లు. ఆ టీకాకి మనదేశంలో అంతకుముందే లైసెన్సు వచ్చింది. దానివల్ల మేలు జరుగుతుందని లోకం ఒప్పుకుంది, ఎన్నో దేశాల్లో వేస్తున్నారు. టీకాతో పేచీ లేదు. ఆ పనికి పెట్టిన పేరుతోనే పేచీ. దాన్ని ట్రయలు అనలేదు. ‘ప్రదర్శన ప్రాజెక్టు’ అన్నారు. ‘పరిశీలన’ అన్నారు. ప్రదర్శనకి వచ్చినవాడు ప్రేక్షకుడే కదా, ప్రేక్షకుణ్ణి సంతకం అడగడమేమిటి అనుకున్నారో ఏమో, చాలాచోట్ల తల్లిదండ్రులు పెట్టవలసిన సంతకాలు హాస్టలు వార్డెన్లు పెట్టారు. టీకా వేయించుకున్నవాళ్లలో, గుజరాత్ పిల్లలతో కలిపి, ఏడుగురు చనిపోయారు. ఆ చావులకి టీకా కారణం కాదని విచారణలో తేల్చారు. 2010 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఆ పనిని నిలిపేసింది. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీసంఘం తన నివేదికలో, జరిగింది నిజానికి క్లినికల్ ట్రయలేననీ, పెట్టిన పేర్లు దానికి కప్పిన ముసుగులనీ తప్పుపట్టింది.

గమనించారా? ఒక్క పర్యాయపదం మార్చడంతో ఒక తల్లి సంతకం అక్కర్లేకుండా పోయింది. ట్రయలు అంటే చట్టం మేలుకుంటుంది. ప్రదర్శన అంటే నిద్రపోతుంది. పర్యాయపదాలంటే పరీక్షలో రెండు మార్కులకి రాసే సరదా లెక్క అనుకుంటాం. ఇక్కడ ఆ రెండు మాటల మధ్య ఉన్న తేడా ఒక అడవిపల్లెలో ఉన్న అమ్మానాన్నల దాకా ఒక మనిషి నడిచి వెళ్లి, “మీ పిల్లకి ఇది వేద్దామనుకుంటున్నాం, సమ్మతమేనా?” అని అడగవలసిన ఆ నడక. అది ఆదా చేశారు. మెత్తటి మాటలన్నిటికీ ఈ గుణం ఉంది. అవి ఎవరికో శ్రమ తగ్గిస్తాయి. ఆ తగ్గిన శ్రమ ఎవరి నెత్తిమీద పడిందో మటుకు చెప్పవు.

మరి న్యాయమైన పరీక్షకి గుర్తేమిటి? రెండో ప్రపంచయుద్ధం తరవాత, ఖైదీలమీద నాజీ డాక్టర్లు చేసిన ఘోరాలమీద విచారణ జరిపి, 1947లో న్యూరెంబర్గ్ న్యాయస్థానం పది సూత్రాలు చెప్పింది. మొట్టమొదటిది, ఎవరిమీద పరీక్ష జరుగుతుందో ఆ మనిషి స్వేచ్ఛగా ఒప్పుకోవడం. ఇంకొకటి, మధ్యలో చాలించుకుని లేచిపోయే హక్కు అతనికి ఉండటం. మన 2019 నిబంధనల్లో కూడా, బలంలేనివాళ్లమీద పూర్తిగా కొత్తరకం మందుని పరీక్షించేటప్పుడు వాళ్ల ఒప్పుకోలుని వీడియో తియ్యాలని ఉంది. కాగితంమీద వేలిముద్రని నమ్మడానికి లేకుండా పోయిందన్నమాట, సంతోషించాలో సిగ్గుపడాలో తెలియదు. ఇవన్నీ పెద్దమాటలు. నా మట్టుకు నేను వీటిని మన వ్యాకరణంలోకి దించుకున్నాను. తినేవాడూ చూసేవాడూ ఒకడే కావాలన్నది మొదటి ధర్మం. అది కుదరనప్పుడు, తినేవాడికి కూడా చూడనివ్వడం రెండో ధర్మం. ఏం పెడుతున్నారో, ఎందుకు పెడుతున్నారో, చేదైతే ఏం చేస్తారో అతనికి కనపడాలి. అప్పుడు ‘పెట్టి చూశారు’ అన్న వాక్యంలో అతనికి కూడా కొంచెం చోటు దొరుకుతుంది.

ఇదంతా శాస్త్రజ్ఞుల గొడవ, మనకెందుకులే అనుకోకండి. మన ఇళ్లల్లో జరిగేవాటికి కూడా ఇదే చూపు, ఇదే వ్యాకరణం. పెళ్లిచూపులన్న మాట వినండి. చూపులు అని బహువచనం పెట్టాం, నిజానికి చాలాకాలం అది ఏకపక్షమే. పిల్లని నడిపించి చూశారు, పాడించి చూశారు, జడ నిజందో కాదో చూశారు. అందరూ చూశారు, ఆ పిల్ల తప్ప. ఆమె చూసింది చాపమీది గళ్లు. పుచ్చకాయకీ ఆమెకీ తేడా ఏమిటంటే పుచ్చకాయకి తట్టించుకున్నానన్న సంగతి తెలియదు. ఈరోజున పిల్ల తలెత్తి “మీ జీతమెంత, మీరు వంట చేస్తారా?” అని అడుగుతోందని కొందరు పెద్దవాళ్లు విసుక్కుంటారు. నాకు మటుకు ఆ మాట రెండువైపుల నుంచీ నిజమైనట్టు తోస్తుంది. పరీక్ష అంటే అన్నివైపుల నుంచీ చూడటమని ముందే అనుకున్నాం కదా.

అలాగని అన్నిటినీ పరీక్షించి తీరాలా? స్నేహితుణ్ణి పరీక్షిద్దామని లేని అవసరం కల్పించి అప్పు అడిగేవాళ్లున్నారు. ఇస్తే మంచివాడని తేలుతుంది. కాని ఆ అప్పు ఉత్తుత్తిదని తెలిసిన రోజున ఆ స్నేహంలో ఒక గీటు పడి ఉంటుంది. ఒరగల్లు మీద పోయిన బంగారం తిరిగి నగలోకి రాదు. భార్య నమ్మకాన్ని, కొడుకు ప్రేమని, తల్లి ఓర్పుని గీసి చూసుకునేవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే: ఆ కుర్రవాడి అగ్గిపెట్టె గుర్తుంచుకోండి. మనుషుల్లో కొన్ని ఉన్నాయి, వాడుతూ తెలుసుకోవలసిందేగాని వాడబోయేముందు తేల్చుకునేవి కావు. వాటికి మచ్చు దొరకదు. కచ్చాకుట్లు పడవు. నమ్మడం ఒక్కటే దారి, నమ్మి దెబ్బతింటే ఓర్చుకోవడం ఇంకో దారి.

వస్తువుని కొట్టి చూడండి, తడిపి చూడండి, కావలిస్తే పగలగొట్టి చూడండి. తప్పులేదు. మనిషి మీద ఏదైనా చూడబోతున్నారని మీ చెవిని పడినప్పుడు మటుకు, ఎంత మెత్తని మాటతో చెప్పినా సరే, ఆ వాక్యంలో తినేవాడు ఎక్కడున్నాడో ఒకసారి వెతకండి. పథకం కావచ్చు, మందు కావచ్చు, బళ్లో కొత్త పద్ధతి కావచ్చు, మీ ఇంట్లో కొత్తకోడలి చేత మొదటిరోజే యాభైమందికి వంట చేయించడం కావచ్చు. ‘చేయించి చూద్దాం’ అన్నారంటే చూసేది మీరు, చేసేది ఆ పిల్ల. కనీసం కూరలైనా తరిగి పెట్టండి.